విప్పని ఇంజన్

నన్ను టూరుకు తీసుకుపోతున్నాడని వాడకట్టు మొత్తం చెప్పుకుని వచ్చాను కానీ, మా ఆయన నన్ను తెచ్చింది బరువు కోసం. ఆ ముక్క డిండి దగ్గర ఛాయ్ తాగుతుంటే తనే చెప్పాడు, కడుపులో ఏదీ దాచుకోలేని మహానుభావుడు కదా. "మన బిడ్డ కెజియా ఒక యాభై కిలోలుంటది. సామాన్ల సంచులు ఇంకో పదిహేను. నువ్వొక్కదానివి ఎక్కితే ఆ లెక్కకు సరిపోతవ్." పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు శ్రీశైలం డ్యాం గేట్లెత్తారు పద చూపిస్తానని బండెక్కించుకుంటే ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? కొత్త చుడీదార్ వేసుకుంటుంది, పక్కింటి అండాలు కంట్లో పడేదాకా వాకిట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతుంది, పొద్దున్నే లేచి పులిహోర కలుపుతుంది. ఇసుక బస్తా పని చేయడానికి పులిహోర ఎందుకు కలిపానో నాకే తెలియదు. అయినా నవీన్‌కుమార్ ఇసుక బస్తానే తెచ్చుకుని ఉండాల్సింది. అది భయపడదు.

మన్ననూరు చెక్‌పోస్టు దాటినప్పటి నుంచి నేను భయపడుతూనే ఉన్నాను. గేటు దాటగానే ఫోన్లో గీతలన్నీ పోయాయి, రోడ్డుకు రెండు పక్కలా అడవి దగ్గరికి జరిగింది, పులులు తిరిగే జాగా వాహనం ఆపరాదు అని ఒక బోర్డు, దాని మీద పులి మమ్మల్ని వదిలేసి మా వెనక వచ్చేవాళ్ల కోసం చూస్తున్నట్టు ఒక బొమ్మ, ఆ బోర్డు దాటి మలుపు తిరిగి ఎత్తు ఎక్కుతుంటే మొదటిసారి వినపడింది. ఎండిన చింతగింజలు రేకు డబ్బాలో పోసి ఎవరో మెల్లగా ఊపినట్టు. ఒక్క క్షణమే. గేరు మారగానే పోయింది. పోయిందిలే అనుకున్నాను, కాదు, అనుకోవాలనుకున్నాను. నేను బి.యస్సీలో కప్పను కోశాను కానీ ఇంజన్‌ను కోయలేదు, అయితే శబ్దాలు నాకు తెలుసు, ఇల్లు నడిపేవాళ్లకు తెలియక తప్పదు. మిక్సీ జారులో బ్లేడు వదులైతే ఏ పాట పాడుతుందో, ఫ్యాను చచ్చేముందు ఎట్లా మూలుగుతుందో, ఇవన్నీ నా చుట్టూ తిరిగే ముసలివాళ్ల దగ్గుల్లాంటివి. బోరు మోటారు బేరింగు పోతోంది చూడమని నెత్తీనోరూ కొట్టుకుంటే "నీకు అనుమానాలెక్కువ" అన్నాడు నవీన్, అది కాలిపోయాక బిందెలతో నీళ్లు మోసింది అనుమానాలు ఎక్కువైన మనిషే. ఇప్పుడు ఈ చింతగింజలు. మళ్లీ. ఈసారి కొంచెం ఎక్కువసేపు. నా కుడి మడమ కింద నుంచి, ఇనుములో నుంచి, సన్నగా, పళ్లు కొరికినట్టు.

ఈ ప్రయాణమే ఒక పరీక్ష. చప్పుడు వస్తే ఇంజన్ విప్పాలి, రాకపోతే విప్పనక్కర్లేదు. దసరా సెలవుల్లో కంపెనీ స్నేహితులు తలా ఒక బండి వేసుకుని ధనుష్కోడి పోతున్నారు, నవీన్ వెనక సీటు మా కెజియాది. నర్సింగు సీటు తెచ్చుకుంటే తీసుకుపోతానని బిడ్డకు మాటిచ్చాడు, అది తెచ్చుకుంది, అప్పటి నుంచి మ్యాపు మీద వేలు పెట్టి రోజూ సముద్రం దాకా పోయి వస్తోంది. బండి మాత్రం రాష్ట్రం వచ్చిన ఏడాది కొన్నది. పోయిన నెల చౌటుప్పల్‌లో మెకానిక్ ఫైసల్ ఆయిలు మారుస్తూ తల పక్కకు వంచి విన్నాడు. "అన్నా, లోపలి చైన్ జర వదులైనట్టున్నది. దాన్ని బిగబట్టే ముక్క గూడ అరిగిందేమో. కొత్త రకంయి వస్తున్నయ్, గట్టియి, మీ పాత ఇంజన్‌కు గూడ కూసుంటయ్. గంత దూరం పోయేదుంటే ఇప్పి మార్చుకుంటే మంచిది." నవీన్ ముఖం మీద ఎవరో తలుపు వేసినట్టయింది. "పోయిందా, పోలేదా?" అన్నాడు. "ఇప్పితేగాని చెప్పలేనన్నా." "చెప్పలేనోనివి మరెందుకు చెప్తున్నవ్?" ఫైసల్ నా వైపు చూశాడు, నేను కొత్తగా వచ్చిన హెల్మెట్ల వైపు చూశాను. ఇంటికొచ్చి కొన్నాళ్లు అన్నం మీద అలిగి, ఆఖరికి తనే ఈ పరీక్ష కనిపెట్టాడు. "కెజియా అంత బరువేసుకోని నల్లమల ఘాటు దిగి ఎక్కి వస్త. చప్పుడొచ్చిందా, నేనే తీస్కపోయి ఫైసల్ ముంగట పెట్టి ఇప్పుమంట. రాలేదా, మళ్ల ఎవ్వలూ నోరెత్తద్దు." న్యాయంగానే ఉందనిపించింది. వినేది తను, తనకన్నా యంత్రాలు తెలిసినవాళ్లు మా ఇంటా వంటా లేరు. ఫార్మా కంపెనీలో మెయింటెనెన్సు, అక్కడ బేరింగు గడువు రాకముందే పీకించి కొత్తది వేయిస్తాడు, "అరిగేదాక ఆగినోడు మెయింటెనెన్సోడు కాదు" అని కొత్తగా చేరినవాళ్లకు క్లాసు పీకుతాడు. ఇంటి గేటు దాటి లోపలికి రాగానే ఆ శాస్త్రం చెప్పులతో పాటు బయటే విడుస్తాడు.

ఎందుకు విప్పడో నాకు తెలియక కాదు. తెలిసినందుకే ఇన్నాళ్లూ గట్టిగా పోట్లాడలేదు. మా మామ భిక్షపతి మోత్కూర్ దగ్గర ఒక ఆసామి ఇంట్లో పాలేరుగా జీతమున్న మనిషి, ఈయన ఇంట్లోకి వచ్చిన వస్తువేదైనా అప్పటికే ఒకరు వాడి విసుగెత్తి వదిలేసింది. సైకిలు వస్తే ఆసామి కొడుకు తొక్కి పారేసింది. రేడియో వస్తే వెనక మూత లేనిది. నేను కాపురానికి వచ్చిన రోజు వాకిట్లో నిలబడి చూస్తే తలుపు మీద వేరే ఎవరిదో ఇంటిపేరు చెక్కి ఉంది, ఎక్కడో మిద్దె కూలగొడితే కొనుక్కొచ్చిన తలుపు, తప్పు ఇంటికి వచ్చానేమోనని ఒక నిమిషం పెళ్లికూతురి గుండె జారింది. ఆ ఇంటికి, ఎవరి చేయీ పడకుండా, సీలు తీయకుండా వచ్చిన మొదటి వస్తువు ఈ బండి. పాస్టరు గారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, ఆయన వెనక్కి తిరగ్గానే మా అత్త సాలమ్మ చక్రం కింద నిమ్మకాయ పెట్టింది, ఎందుకైనా మంచిదని. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఏడాది దాకా తీయనివ్వలేదు మామ, ఎండాకాలం దాని మీద కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది ఆయన పట్టుదల ఎంత వేడిదో. కల్లు దగ్గర కూర్చుంటే ఆయన మాట ఒకటే, "మా నవీన్‌గాని ఇంజన్ ఇంతవరకు ఒక్కడు ఇప్పలే." మా వైపు బండి అమ్మేవాడు మొదట చెప్పే మాట అదే కదా, ఇంజన్ ఇప్పని బండి, ఆ తర్వాతే రంగు, నంబరు. మామ అమ్మడానికి చెప్పేవాడు కాదు, ఊరికే చెప్పేవాడు, చెప్పి ఒకసారి అందరి ముఖాలూ చూసేవాడు. ఆయన పోయాక ఆ మాట చెప్పే పని కొడుకు మీద పడింది. విప్పితే ఏమవుతుంది మళ్లీ బిగిస్తారు కదా అన్నాను ఒకసారి. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఇప్పినంక అది వేరే బండి గ్లోరీ," అన్నాడు. ఆ గొంతు విన్నాక చారు పోశాను.

గలగల. ఈసారి చదును మీద కూడా. వటవర్లపల్లి ఇళ్లు దాటిపోయాయి, రోడ్డు మీద కోతులు పక్కకు జరిగి మేము పోయేదాకా ఆగి మళ్లీ మధ్యకు వచ్చాయి, అవి కూడా విన్నాయా, ఒక తల్లికోతి పిల్లను పొట్టకు హత్తుకుని బండి వైపే చూసింది, నా వైపు కాదు, ఇంజన్ వైపు. నాకు పిచ్చి పడుతోంది. నాకు ఈ భయం నేర్పింది కూడా నవీనే. కెజియా చిన్నప్పుడు ఒక ఆదివారం నా గాజులు రెండు తీసుకుని, జడ రిబ్బను వాటి మీదుగా చుట్టి, ఇంజన్ లోపల చైన్ ఎట్లా తిరుగుతుందో చూపించాడు, కిందిది తిరిగిన లెక్కకే పైది తిరగాలి, తాళం తప్పొద్దు. "తాళం తప్పితే ఏమైతది డాడీ?" "లోపల పైకి కిందికి ఆడేటియి ఒకదాన్నొకటి గుద్దుకుంటయ్. ఇంజన్ పట్టేస్తది. ఎనక చక్రం ఉన్నకాడనే బిగుసుకపోతది." కథ చెప్పినట్టు, రాక్షసుడు వచ్చే చోట గొంతు తగ్గించి మరీ చెప్పాడు, అది చప్పట్లు కొట్టింది. ఆ రిబ్బను ఎరుపుది. ఇప్పుడు ఆ ఎర్ర రిబ్బను నా కాళ్ల కింద వదులుగా వేలాడుతూ తిరుగుతోంది, ఒక్క పన్ను జారితే చాలు, ఎదురుగా లారీ వస్తోంది, చక్రం బిగుసుకుపోతే బండి ముందుకు పోదు, పక్కకు పోతుంది, పక్కన ఏముంది, రాయి, రాయి పక్కన లోయ. లారీ పోయింది. దాని గాలికి నా చున్నీ లేచి నా ముఖాన్నే కొట్టింది. వెనక సీటు మీద కూర్చున్నది నేను కాదు. నేను కాదు, కెజియా. ఆ చేతులు నా చేతులు కావు, దాని సన్నటి చేతులు, గోళ్లకు ఆ నీలం రంగు, తండ్రి జాకెట్ పట్టుకుని ఉంటుంది, పాటలు వింటూ ఉంటుంది, దాని చెవుల్లో ఎప్పుడూ ఏవో ఇరికించుకునే ఉంటుంది, ఈ చింతగింజలు దానికి వినపడనే వినపడవు, మధురై దాటాక ఎక్కడో, నాకు పేరు కూడా తెలియని ఊరి దగ్గర, ఫోన్ మోగుతుంది, నాకు రాని భాషలో ఎవరో మాట్లాడతారు, నేను ఇక్కడ పోపు వేస్తూ ఉంటాను. వద్దు. ప్రభువా, వద్దు. ఆలోచన ఆపు. పోపు మీద దృష్టి పెట్టు. ఇక్కడ పోపు లేదు, అడవి ఉంది.

బండి మీద మాకు ఒక భాష ఉంది. భుజం మీద ఒకసారి తడితే మెల్లగా పో, రెండుసార్లు తడితే ఆపు. ఒకసారి తట్టాను. మెల్లగా చేశాడు. మెల్లగా చేసేసరికి గలగల ఇంకా తేటగా వినపడింది. ముందుకు వంగి, హెల్మెట్‌కు హెల్మెట్ తగిలేంత దగ్గరగా పోయి అరిచాను. "చప్పుడొస్తాంది! ఇనవడుతాందా?" తల ఊపాడు. ఊపి, ఎడమచేత్తో ట్యాంకును ప్రేమగా తట్టి, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఆ బొటనవేలు చూసి నేను బిగుసుకుపోయాను. ఏమిటి దానర్థం? వినపడిందనా? వినపడితే ఆపాలి కదా. మాట తప్పే మనిషి కాదు, మొండివాడు, నోటి దురుసువాడు, నిద్రలో పళ్లు కొరుకుతాడు, కానీ ఒప్పుకున్న మాట మింగడు, పేకాటలో ఓడిపోయినా మా తమ్ముడి ముందు ఒప్పుకుని లేస్తాడు. బిడ్డ ప్రాణం పెట్టి దొంగాట ఆడతాడా? ఆడడు. మరి ఆ బొటనవేలు? ఆ నవ్వు, అద్దంలో కనపడుతోంది సగం ముఖం, హాయిగా ఉంది, పరీక్ష పాసవుతున్నవాడి ముఖం. మోసం చేస్తున్నవాడి ముఖం నాకు తెలుసు, మా అత్తకు తెలియకుండా స్వీటు తినేటప్పుడు అది వస్తుంది. ఇది అది కాదు. మోసం చేయడం లేదు. తనకు వినపడటం లేదు.

వినపడటం లేదు. ఒకసారి ఆ మాట లోపలికి పోయాక వెనక నుంచి ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి, ఏళ్ల నుంచి తలుపు బయట కాచుకుని ఉన్నట్టు. టీవీ. "మేము టీవీ అమ్మేసినం వదినా, వార్తలు మీ ఇంట్లయే ఇంటున్నం," అంది అండాలు, నవ్వాం. మా అత్త నస, "పెండ్లి గాకముందు ఒక్క కేకకు ఉరికొచ్చేటోడు, ఇప్పుడు ఎన్ని కేకలేసినా పలకడు, నువ్వేం మందు పెట్టినవో," దానికి నేను కోపం తెచ్చుకున్నాను. వంటింట్లో నుంచి పిలిస్తే పలకకపోవడం మొగుళ్లకు పుట్టుకతో వచ్చే జబ్బు అనుకున్నాను, అండాలు మొగుడికీ ఉంది, మా బావకూ ఉంది. కుక్కర్ ఈలలు వేసి వేసి పప్పు బొగ్గయిన రోజు, అదే గదిలో పేపరు చదువుతూ, "ఈల రాలే," అన్నాడు, నేను పప్పు గిన్నె తోముతూ వాళ్ల తాతముత్తాతల దాకా పోయాను. చర్చిలో పాటలకు డోలక్ కొట్టేవాడు, ఈమధ్య పాట ఒక పక్క పోతే డోలక్ ఇంకో పక్క, పాస్టరు గారు "బ్రదర్, మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నారు, అహంకారం తగ్గించడానికి దేవుడు చేశాడనుకున్నాను. కెజియా. అయ్యో, కెజియా. సీటు వచ్చిందని ఆ పిల్ల గుమ్మంలో నుంచి చెప్పింది, దానిది అసలే సన్న గొంతు, "డాడీ, నాకొచ్చింది," అంది, తను "ఊ" అని తల ఊపి మేకు కొట్టుకుంటున్నాడు. దాని ముఖం ఎట్లా అయిపోయిందో. తర్వాత ఫోన్ చూపిస్తే ఎత్తుకుని తిప్పాడు, అంత పెద్ద పిల్లను, బల్ల తగిలి నా జాడీ పగిలింది. తల ఊపడం. ఎన్నేళ్లుగా ఊపుతున్నాడు ఆ తల. నేను చెప్పినదానికల్లా ఊపే మంచి మొగుడు అని మా అమ్మ దగ్గర గొప్ప చెప్పుకున్నాను.

కంపెనీలో తను పనిచేసే కంప్రెసర్ రూము, మనిషి మాట మనిషికి వినపడని మోత. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చే స్పాంజి బిళ్లలు మా ఇంట్లో సంచీ నిండా ఉన్నాయి, వాటితో కెజియా బొమ్మలకు దిండ్లు చేసింది. అవి పెట్టుకుంటే యంత్రం మాట ఎట్లా వినపడుతుంది అనేవాడు. ఏటా చెవుల పరీక్ష చేస్తారక్కడ, కూత వినపడితే వేలు ఎత్తాలి. ఆ పరీక్ష ఎట్లా పాసయ్యాడో ఒకసారి నాకు అభినయించి చూపించాడు. "వాడు మీట నొక్కినప్పుడల్లా వాని భుజం కదుల్తది గ్లోరీ. నేను భుజం చూసి ఏలెత్తుతున్న. గాడిద కొడుక్కి తెల్వనే తెల్వలే." పడీపడీ నవ్వాం ఇద్దరం. తను నాకు నిజం చెప్పాడు. జోకులో చుట్టి చేతిలో పెట్టాడు, నేను జోకు తిని నిజం పారేశాను.

ఈ తెలివి వచ్చాక భయం తగ్గాలి కదా, తగ్గలేదు, రెండయింది. ఇంతసేపూ ఇంజన్‌కు భయపడ్డాను, ఇప్పుడు చెప్పడానికి భయపడుతున్నాను. ఇంజన్ విప్పమంటేనే తండ్రి పాతిన జెండా పీకమన్నట్టు చూసే మనిషికి, నీ చెవులు పోయాయి అని ఎట్లా చెప్పాలి? చెవితోనే బతికాడు. గోడ అవతల నుంచి విని ఏ పంపు ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పేవాడని మేనేజర్లు దండలు వేశారు. కంపెనీకి తెలిస్తే ఆ రూములో నుంచి తీసి ఏ గేటు దగ్గరో కూర్చోబెడతారు, వచ్చే పోయే లారీలకు తాడు ఎత్తుతూ దించుతూ. చెప్పకపోతే? చెప్పకపోతే ఈ గంట అట్లాగే గడిచిపోతుంది, ఘాటు దిగుతాం, గేట్లు చూస్తాం, పులిహోర తింటాం, తిరిగి ఇంటికి పోయాక వాకిట్లోనే ప్రకటిస్తాడు, చప్పుడు రాలేదని, నిజాయితీగా, ప్రమాణం చేసి, అందరూ నమ్ముతారు, నేను కూడా నోరెత్తకూడదని ఒప్పుకున్నాను. దొంగను పట్టుకోవచ్చు, ఇంత నిజాయితీపరుణ్ని ఎట్లా పట్టుకోవాలి?

ఈగలపెంట దాటాక రోడ్డు కిందికి తిరిగింది. మలుపు, మళ్లీ మలుపు, తను గేరు తగ్గించి ఇంజన్ మీదే బండిని ఆపుకుంటూ దిగుతున్నాడు, తన లెక్కలో అది జాగ్రత్త, చింతగింజలు ఇప్పుడు గింజలు కావు, మేకులు, డబ్బా నిండా మేకులు, ప్రతి మలుపు దగ్గరా ఒక కుదుపు, నా కాళ్లు నాకు తెలియకుండానే కిందికి జారుతున్నాయి, పడితే ఎటు పడాలి, తెలివిగల ఆడది ఎటు పడుతుంది, కెజియాకు పొద్దున ముద్దు పెట్టానా, పెట్టలేదు, తలుపు గడియ పెట్టుకో అని మాత్రం అన్నాను, ఆఖరి మాట గడియ గురించా, ఒకటి తట్టాను, మెల్లగా చేశాడు, రెండు తట్టాను, ఇంకా తట్టాను, భుజం విరిగేటట్టు తట్టాను.

డ్యాం కనపడే మలుపు దగ్గర, కార్లు ఆగి ఉన్నచోట, పక్కకు తీసి ఆపాడు. దిగి గట్టు పట్టుకున్నాను. "ఏమైంది, కడుపుల తిప్పుతాందా?" అంటూ తాళం చెవి మీద చెయ్యి వేశాడు. "బందు చెయ్యకు," అన్నాను, చేత్తో కూడా వద్దన్నాను. సరే అన్నట్టు తల ఊపి, హెల్మెట్ తీసి, బండిని అట్లాగే నడుస్తూ వదిలి కమ్మీ మీద మోచేతులు ఆనించి నీళ్ల వైపు తిరిగాడు. పక్కనే ఒకామె మక్కకంకులు కాలుస్తోంది. విసనకర్ర ఆపి బండి వైపు చూసింది. "ఏందమ్మా, బండి గట్ల గలగలమంటాంది?" అంది. నవీన్ తిరగలేదు. నాలుగడుగుల దూరం.

నేను తన వెనక నిలబడ్డాను. ఏం చేస్తున్నానో నాకు తెలుసు, దేవుడు చూస్తున్నాడని కూడా తెలుసు. రోజూ మాట్లాడే గొంతుతో అన్నాను, "నవీన్." నీళ్లు చూస్తున్నాడు. "ఈ బండి అమ్మేద్దాం." ఏమీ లేదు. "మీ అమ్మకు నోరెక్కువ." కంకులామె తల వంచుకుని నవ్వింది. "నీ డోలక్ ఇంటే దేవుడు గూడ చెవులు మూసుకుంటడు. ఫైసల్ మంచోడు, నువ్వు మొండోనివి." ఆమె నవ్వుతూ నవ్వుతూ ఆపేసింది, నన్నూ నవీన్‌నూ మార్చి మార్చి చూసింది, ఆమెకు తెలిసిపోయింది. "నాకు భయమైతాంది నవీన్. నీ ఎనక నా బిడ్డను పంపాల్నంటే భయమైతాంది. నిన్ను పంపాల్నన్నా భయమైతాంది."

"మస్తు నీళ్లొచ్చినయ్ సూడు!" అన్నాడు నీళ్ల వైపే చూస్తూ, సంతోషంగా.

భుజం మీద చెయ్యి వేశాను. తిరిగాడు. నా ముఖం చూశాడు, నా వెనక కంకులామె ముఖం చూశాడు. నవ్వు ముఖం మీద కాసేపు దిక్కులేక నిలబడి మెల్లగా పోయింది. "ఏమన్నవ్?" అన్నాడు.

"మస్తు మాటలన్న. ఈమెనడుగు."

ఆమెను అడగలేదు. నా పెదవుల వైపు చూశాడు, తర్వాత బండి వైపు. చాలాసేపు బండి వైపు. సీటు కింద నుంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీశాడు, కంపెనీలో చేసినట్టే దాని మొన ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, గొంతుక్కూర్చుని కళ్లు మూసుకున్నాడు. దారి పొడుగునా పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఈ భయం ఒక ఎత్తు. ఏం లేదు అంటే? ఒక్క మాట, ఏం లేదు గ్లోరీ పద, అంటే నేను ఏం చేయాలి? ఈ మనిషితో ఆ తర్వాత ఎట్లా బతకాలి? పిడిని కొంచెం జరిపాడు. ఇంకో చెవికి మార్చాడు. తర్వాత స్క్రూడ్రైవర్ కింద పెట్టి, అరచెయ్యి తీసి వేడి ఇంజన్ మీద పెట్టాడు, కాలుతుంది అని అరవబోయాను, తీయలేదు, జ్వరం చూసినట్టు ఉంచాడు. లేచాడు. తాళం తిప్పి బందు చేశాడు.

అంత గోల ఆగాక నీళ్ల హోరు ఒక్కటే మిగిలింది. చెయ్యి ప్యాంటుకు రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఉన్నది," అన్నాడు. "చేతికి తెలుస్తాంది. చెవికి వస్తలేదు." కాలిన అరచెయ్యి చూసుకున్నాడు. "నేనన్నది తప్పు గ్లోరీ. ట్రాలీల ఏసుకపోదాం, ఫైసల్‌తోని ఇప్పిద్దాం, ఏది మార్చాల్నంటే అది మార్చనియ్. ఇంజన్ మంచిగున్నదన్నది తప్పు. నాకు ఇనవడ్తలేదు. చానా దినాలసంది ఇనవడ్తలేదు."

ఇది భార్య చెవిలో చెప్పుకోవలసిన మాట. కానీ తను ఎంత గట్టిగా చెబుతున్నాడో తనకు తెలియదు కనుక, ఆ మలుపులో ఆగిన కార్లవాళ్లంతా నీళ్లను వదిలేసి మా వైపు తిరిగేంత గట్టిగా చెప్పాడు.